ఎర్రగడ్డ పకోడి: మా ఇంట్లో మాసిపోయిన ఒక మాట

మొన్న జూన్‌లో ఒక సాయంత్రం బెంగళూరులో వాన దంచి కొట్టింది. కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంటులో తెలుగు ఇళ్ళు ఐదారు ఉండాయి. పిల్లలు, పెద్దలు అందరూ కింద హాల్లో చేరినారు. ఎవరో "ఇట్లాంటప్పుడు పకోడి ఉంటేనా..." అన్నారు. మా ఇల్లు మొదటి అంతస్తులోనే కాబట్టి అందరూ మా ఇంటికే వచ్చినారు.

తాడేపల్లిగూడెం ఆవిడ కత్తిపీట ముందు కూర్చొని "ఉల్లిపాయలు ఎన్ని కొయ్యమంటారండీ?" అన్నారు. వరంగల్ ఆయన "ఉల్లిగడ్డలు నాకియ్యుండ్రి, నా కండ్లకు నీళ్ళు రావు" అని ముందుకొచ్చినారు. ఎదురింటి కన్నడ ఆయన బుట్ట చూసి "ఈరుళ్ళి చెన్నాగిదె" అన్నారు. హోసూరు నుంచి వచ్చిన ఆవిడ మాత్రం ఒకటి చేతిలోకి తీసుకొని "ఎర్రగడ్డలు గట్టిగా బాగుండాయే" అనింది.

ఆ మాట విని నాకు కాసేపు నోట మాట రాలేదు. మాది హిందూపురం పక్క. ఎర్రగడ్డ అనేది మా అమ్మ మాట. ఆమె 2012లో పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు, నేనుగూడా అనలేదు. ఎందుకు అనలేదో చివర చెప్తాను. ముందు పకోడి సంగతి, దాంతోపాటు మాటల సంగతి చెప్తాను. నేను బ్యాంకులో ముప్పై ఏడేళ్ళు పనిచేసి రిటైరైన వాణ్ణి, చదివింది బీకాం. భాషాశాస్త్రం నా చదువు కాదు. అయితే ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని నాలుగు ప్రాంతాల్లో కూరగాయలు కొన్నాను. నాకు తెలిసింది ఆ లెక్కలోదే.

గడ్డనా, పాయనా, నీరుల్లినా?

ఉల్లి అనేది అసలు మాట. తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు అన్నింట్లోనూ ఉంది. కాబట్టి ఇది మన భాషలు విడిపోకముందు నుంచీ ఉన్న మాట. దానికి వెనక ఏమి తగిలిస్తామనే దగ్గర ఊళ్ళు తేడా పడతాయి.

కోస్తాలో ఉల్లిపాయ అంటారు. పాయ అంటే విడిపోయిన భాగం. జడకు మూడు పాయలు, గోదావరికి ఏడు పాయలు అంటాం కదా, అదే పాయ. వెల్లుల్లిని రెబ్బలు రెబ్బలుగా విడదీస్తే అది పాయ అనడం బాగా కుదురుతుంది. ఉల్లిపాయలో రెబ్బలు ఉండవు, పొరలే ఉంటాయి. అయినా పేరు నిలిచిపోయింది.

తెలంగాణలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. నేలలో గుండ్రంగా ఊరేదంతా గడ్డే. మా రాయలసీమలోనూ గడ్డే, కాకపోతే మేము ఉల్లిని వదిలేసి రంగును పట్టుకున్నాం. ఎర్రగా ఉండేది ఎర్రగడ్డ, తెల్లగా ఉండేది తెల్లగడ్డ. కోస్తావాళ్ళ బంగాళాదుంప మాకు ఉర్లగడ్డ. బుట్టలో మూడు గడ్డలు, మూడు పేర్లు. మా వైపు నుంచి చిత్తూరు, హోసూరు, కృష్ణగిరి దాకా పోతే తెలుగువాళ్ళ నోట ఎర్రగడ్డే వినపడుతుంది. రాష్ట్రాల గీతలు ఎక్కడెక్కడో గీసినారు గానీ ఆ మాటకు అవి పట్టలేదు.

ఇంకొకటుంది, నీరుల్లి. ఇది ఇప్పుడు పెద్దగా వినపడదు. కోస్తాలో పెద్దవయసు వాళ్ళ నోట, పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులోనూ ఉంది. నీరు, ఉల్లి కలిస్తే నీరుల్లి. కన్నడంలోనూ ఇది నీరుళ్ళే, మొదటి న జారిపోయి ఈరుళ్ళి అయింది. బెంగళూరులో రోజూ వినే ఈరుళ్ళి పరాయి మాట అనుకుంటాం గానీ, మన నీరుల్లికి తోబుట్టువే. ఈ నీరుల్లిని గుర్తు పెట్టుకోండి, పకోడి చేసేటప్పుడు మళ్ళీ అక్కరపడుతుంది.

హైదరాబాదులో కిలో ఎర్రగడ్డ

1986లో ట్రైనింగుకని హైదరాబాదు పోయినాను. నలుగురం కలిసి రూములో వండుకునేవాళ్ళం. ఒకరోజు కూరగాయల బండి దగ్గర నిలబడి "ఎర్రగడ్డ కిలో ఎంతప్పా?" అని అడిగినాను. బండాయన నన్ను కిందినుంచి మీదికి చూసి "ఎర్రగడ్డకు బస్సు ఆ దిక్కు ఆగుతది సార్" అని చెయ్యి చూపించినాడు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట పేరు. అక్కడ మానసిక వైద్యశాల ఉండడంతో ఆ పేరు చెప్తేనే అక్కడివాళ్ళకు నవ్వు. నా పక్కనున్న ముగ్గురూ పడీ పడీ నవ్వినారు. ట్రైనింగు అయ్యేదాకా నా పేరు ఎర్రగడ్డే.

ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు. ఆ రోజునుంచి బయట ఉల్లిపాయ అనడం అలవాటు చేసుకున్నాను. తర్వాత తర్వాత ఇంట్లోనూ అదే వచ్చేసింది. పిల్లలు పుట్టి ఇంగ్లీషు మీడియంలో చేరినాక ఆనియన్ అయింది.

పకోడి వేరు, బజ్జి వేరు

పకోడి సంస్కృతం పక్వవటం నుంచి వచ్చిందని చెప్తారు. ఉడికిన ఉండ అని అర్థం. బజ్జి వేయించడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిన మాట, మరాఠీ భజీకి చుట్టం. మనలో మిరపకాయనో వంకాయ ముక్కనో పలచటి పిండిలో ముంచి వేస్తే బజ్జి, తరిగినదాన్ని పిండితో కలిపి విడివిడిగా వేస్తే పకోడి. అయితే కాల్చి మెదిపిన వంకాయనూ బజ్జి అనే అంటాం. దాంట్లో పిండీ లేదు, నూనెలో మునిగేదీ లేదు. కాల్చడం, వేయించడం అనే పాత అర్థం అక్కడ ఇంకా బతికుంది.

కోస్తా బళ్ళ మీద పకోడి రెండు రకాలు: గట్టి పకోడి, మెత్తని పకోడి. తాడేపల్లిగూడెంలో ఉన్న రోజుల్లో ఏది కావాలని అడిగితే నాకు తెలియక రెండూ కట్టించుకునేవాణ్ణి. మా అనంతపురం, కర్నూలు, పక్కనే బళ్ళారి వైపు అయితే బజ్జి జత ఉగ్గాని. నానబెట్టిన బొరుగులకు తిరగమాత వేసి, మిరపకాయ బజ్జితో తింటాం. పకోడి మాత్రం మాకు వానాకాలం పని, ఇంటి పని.

చేసే మాటలోనూ తేడా ఉంది. కోస్తావాళ్ళు పకోడీలు వేస్తారు, గారెలు వండుతారు. తెలంగాణవాళ్ళు సకినాలు కాలుస్తరు, ఇంకొన్నిటిని గోలిస్తరు. మా అమ్మ అన్నీ కాల్చేదే. "ఒడలు కాల్చినా, తినిపో" అనేది. నూనెలో వేసినదాన్ని కాల్చడమేమిటని మా గోదావరి ఆవిడకు అనుమానం. నూనె కాగాలి అన్నప్పుడు లేని అనుమానం కాల్చడం దగ్గర ఎందుకు అన్నాను.

నీళ్ళు పోయకూడదు

ఇప్పుడు అసలు పని. నలుగురికి సరిపోయే లెక్క ఇది. ఎర్రగడ్డలు మధ్యరకంవి మూడు, తూకం వేస్తే సుమారు 300 గ్రాములు. శనగపిండి 100 గ్రాములు, బియ్యప్పిండి 25 గ్రాములు. అంటే నాలుగుకు ఒకటి. పచ్చిమిరపకాయలు మూడు, చిన్న అల్లం ముక్క, రెండు రెమ్మల కరివేపాకు, అర చెంచా కారం, చిటికెడు వాము, చెంచాకు కొంచెం తక్కువగా ఉప్పు.

ఎర్రగడ్డను నిలువుగా రెండు చెక్కలు చేసి, సన్నంగా పొడుగ్గా తరగాలి. చిన్న చిన్న ముక్కలు చేస్తే ముద్ద కట్టుకుంటుంది. తరిగినదాన్ని వేళ్ళతో పొరలు పొరలుగా విడదీయాలి. దాని మీద ఉప్పు చల్లి, గట్టిగా ఒకసారి పిసికి, పది పదిహేను నిమిషాలు పక్కన పెట్టాలి. చాలామంది తొందరలో ఈ పని వదిలేస్తారు, తర్వాత పకోడి మెత్తగా వచ్చిందని పిండిని తిడతారు.

ఉల్లిలో వందకు 89 పాళ్ళు నీళ్ళే. ఉప్పు తగిలితే పొరల్లో ఉన్న నీళ్ళు బయటికి వస్తాయి. పది నిమిషాల తర్వాత గిన్నె వంచి చూడండి, అడుగున తడి చేరి ఉంటుంది. పిండి కలవడానికి ఆ తడే కావాల్సింది. మన పాతవాళ్ళు దీన్ని నీరుల్లి అన్నది ఊరికే కాదు. పేరులోనే నీరు పెట్టి పోయినారు, మనం ఇంకా చెంబుతో పోస్తామంటాం. మా అమ్మ అయితే ఒకే మాట: "దాని నీళ్ళు దానికి సాలురా. నీళ్ళు పోస్తే పకోడి కాదు, బోండా అయితాది."

తర్వాత పచ్చిమిరప, అల్లం, కరివేపాకు, కారం, వాము కలిపి, పిండి రెండు మూడు దఫాలుగా చల్లాలి. ఒకేసారి పోయవద్దు. పిండి ఉల్లిముక్కకు చొక్కా లెక్క పట్టుకోవాలి, దుప్పటి లెక్క కప్పకూడదు. పిడికిట్లో పట్టుకుంటే నిలవాలి, వదిలితే విడిపోవాలి. మరీ పొడిగా ఉంటే చెయ్యి తడి చేసుకొని చిలకరించండి, అంతకు మించి వద్దు.

బియ్యప్పిండి ఎందుకంటే, శనగపిండి ఒక్కటే అయితే వేడిగా ఉన్నప్పుడు బాగుండి, చల్లారగానే మెత్తబడుతుంది. బియ్యప్పిండి గట్టిదనం ఇస్తుంది, కరకర కాసేపు నిలుస్తుంది. ఎక్కువైతే మాత్రం రాయి అవుతుంది. చివర్లో రెండు చెంచాల కాగిన నూనె పిండిలో పోసి కలిపితే పకోడి గుల్లగా వస్తుంది. సోడా ఉప్పు వద్దు. సోడా వేస్తే మెత్తగా పొంగుతుంది, నూనె పీలుస్తుంది. మెత్తని పకోడి కావాల్సినవాళ్ళు వేసుకోండి, అది వేరే పద్దు.

నూనె దగ్గర ఓర్పు

బాణలిలో నూనె కాగిందా లేదా అని చూడడానికి చిన్న పిండి ముక్క వేయండి. అడుగుకు పోయి వెంటనే పైకి తేలితే సరిగా ఉంది. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు. వేసీ వేయగానే నల్లబడితే మితిమీరింది. థర్మామీటరు ఉన్నవాళ్ళకు 170 నుంచి 180 డిగ్రీలు.

ముద్దగా వేయకూడదు. చేతిలో కొంచెం తీసుకొని వేళ్ళ సందుల్లోంచి విదిలించినట్టు వేయాలి. "ముద్దముద్దగా ఏయాకు, ఇదిలిచ్చి ఏయి" అనేది మా అమ్మ. బాణలి నిండా వేస్తే నూనె చల్లబడుతుంది, చల్లబడిన నూనెలో పకోడి నూనె తాగుతుంది. సగం ఖాళీ ఉండాలి. మంట మధ్యలో పెట్టండి.

వేయగానే బుడగలు విపరీతంగా వస్తాయి. అది ఉల్లిలో మిగిలిన నీళ్ళు ఆవిరై బయటికి పోవడం. బుడగలు తగ్గి, చప్పుడు తగ్గిందంటే నీళ్ళు పోయినట్టు. అప్పుడు చిల్లుల గరిటెతో తీయాలి. రంగు చూసి తొందరపడి తీస్తే పైన కరకర, లోపల పచ్చి. నిదానంగా చప్పుడు వినాలి. కరెంటు లేని ఆ రోజు మేము టార్చిలైటు వెలుతురులో రంగు సరిగా కనపడక, చప్పుడు విని తీసిన వాయే అన్నిటికంటే బాగా వచ్చింది.

తీసినవి జల్లెడ మీదనో తీగల తట్టలోనో పరచండి. గిన్నెలో కుప్ప పోసి మూత పెడితే వాటి ఆవిరే వాటిని మెత్తగా చేస్తుంది. ఇంత కష్టపడి బయటికి పంపిన నీళ్ళను మళ్ళీ లోపలికి పిలిచినట్టు అవుతుంది.

ఎర్రగడ్డ రకం కూడా ముఖ్యమే. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు పండే చిన్న ఉల్లికి బెంగళూరు రోజ్ అని పేరు, 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటు ఎక్కువ, ఎక్కువ భాగం విదేశాలకు పోతుంది. మా కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి కూడా అట్లాంటిదే. ఇవి తరగడానికి చిన్నవి, సాంబారుకు బాగుంటాయి. పకోడికి యశ్వంతపుర యార్డు నుంచి వచ్చే మామూలు పెద్దరకం ఎర్రటివే మేలు. విదేశీ వ్యాపారంలోనూ దానికి రంగు పేరే పెట్టినారు చూడండి. మేము ఎర్రగడ్డ అంటే మాత్రం నవ్వినారు. 2019 డిసెంబరులో బెంగళూరులో కిలో రెండు వందల దాకా పోయినప్పుడు నేనూ క్యాబేజీ పకోడి తిన్నాను. అది పకోడే, కాదనను.

కరకర, గరిగరి, మొరుమొరు

ఆ సాయంత్రం మొదటి వాయ తిని గోదావరి ఆవిడ "కరకరలాడుతోందండీ" అన్నారు. ఎదురింటి కన్నడ ఆయన "గరిగరి" అన్నారు. ఆయన ఇంట్లో తమిళ కోడలు "మొరుమొరు" అనింది. పకోడి ఒకటే, పళ్ళూ ఒకటే, చప్పుడు మాత్రం మూడు భాషల్లో మూడు రకాలు. బెంగళూరులోనే పుట్టి పెరిగిన మా తెలుగు పిల్లలు "గరిగరిగా ఉంది" అంటారు. తప్పని నేను దిద్దను. మాటలు ఇట్లానే ఇల్లు మారతాయి. ఊళ్ళో ఒకరి మాట ఒకరికి అంటుకుంటే మాట చావదు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి వచ్చింది, వ్యవసాయ పదాలతో. తర్వాత 1971లో చేనేత పదాలది. ఊరూరా తిరిగి, ఆ పని చేసేవాళ్ళ నోటినుంచే పదాలు సేకరించినారు. ఆ సేకరణను బట్టి తెలుగును నాలుగు మండలాలుగా చూపించినారు: తెలంగాణ, ఉత్తరాంధ్ర, మధ్య కోస్తా, రాయలసీమ నెల్లూరు వైపు. రైతు మాట, నేతగాడి మాట పుస్తకానికెక్కినాయి. మన వంటింటి మాటలు మనమే రాసి పెట్టుకోవాల.

మా అమ్మ ఆనియన్

ఇక నేను చెప్తానన్న సంగతి. మా నాయన పోయినాక 2004లో మా అమ్మ బెంగళూరుకు వచ్చింది. అప్పటికి మా పాపకు పధ్నాలుగేళ్ళు. ఒకరోజు మా అమ్మ స్టవ్ దగ్గర నిలబడి "పాపా, రెండెర్రగడ్లు ఎత్తకరా మే" అనింది. పాప ఫ్రిజ్ అంతా వెతికి, ఎర్రగా గడ్డలాగా ఉన్నది బీట్‌రూటే కాబట్టి రెండు బీట్‌రూట్లు తెచ్చి ఇచ్చింది. అందరం నవ్వినాం. నేనే ఎక్కువ నవ్వినాను. "అమ్మా, ఇక్కడ అట్లంటే ఎవరికీ తెలీదు, ఆనియన్ అను" అన్నాను. హైదరాబాదులో నాకు జరిగింది నాకు గుర్తు లేదా అంటే, ఉంది. అయినా అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత వారమో పది రోజులో, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి "పాపా, ఆనెన్ ఇయ్యి" అని వినపడింది. డెబ్బై దాటిన మనిషి మనవరాలి కోసం కొత్త మాట నేర్చుకునింది. పోయేదాకా ఎనిమిదేళ్ళు మా ఇంట్లో ఆమె ఆనెన్ అనే అనింది. ఊరినుంచి చుట్టాలు వస్తే మాత్రం వాళ్ళతో గొంతు తగ్గించి ఎర్రగడ్డ అనేది. ఆ గొంతు తగ్గించడం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పాప ఇప్పుడు పూణేలో ఉంటుంది. ఆ వాన మరుసటి రోజు ఫోన్ చేసి, "నాన్నా, నాకు పకోడి ఎప్పుడూ మెత్తగానే వస్తాంది, అవ్వ ఎట్ల చేస్తాండె?" అని అడిగింది. పైన రాసిందంతా చెప్పినాను. ఉప్పు వేసి పక్కన పెట్టమన్నాను, నీళ్ళు పోయవద్దన్నాను. రాసుకుంటాను ఉండు అనింది. మొదటి పేరు చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఎర్రగడ్లు మూడు" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "బీట్‌రూట్ కాదు కదా నాన్నా" అనింది. ఇద్దరం నవ్వినాం.

మీ ఇంట్లో దీన్ని ఏమంటారు, బాణలిని ఏమంటారు, పకోడి వేస్తారా, కాలుస్తారా, గోలిస్తారా? మీ అమ్మనో అవ్వనో ఇంకా ఉంటే ఈ వారమే అడిగి, ఊరి పేరుతో సహా రాసి పంపండి. ఆమె చెప్పినట్టే రాయండి, దిద్దవద్దు.